ఒకే జాంగో యాప్‌తో రెండు మూడు డొమైన్‌లు నడపడం ఎలా?

పచ్చళ్ల షాపుకి ఒక డొమైన్, అదే ఇంటివాళ్ల చీరల షాపుకి ఇంకో డొమైన్, వెనకాల మాత్రం జాంగోతో, అంటే పైథాన్‌లో సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌తో, నడిచే సర్వర్ ఒక్కటే. ఇలాంటి పని మీ నెత్తిన పడితే కోడ్ కాపీ కొట్టి రెండో ప్రాజెక్టు మొదలుపెట్టకండి, ఆరు నెలలు తిరిగేసరికి ఒకదాంట్లో సరిచేసిన బగ్ ఇంకోదాంట్లో అలాగే కూర్చుని ఉంటుంది. ఒక చిన్న మిడిల్‌వేర్ చాలు, అంటే ప్రతి రిక్వెస్ట్ మీ పేజీల కోడ్‌కి చేరేముందు దాటి వెళ్లే చిన్న కోడ్ ముక్క.

బ్రౌజర్ పంపే ప్రతి రిక్వెస్ట్‌లో హోస్ట్ అని ఒక హెడర్ ఉంటుంది, 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచి అది తప్పనిసరి. దాన్ని చదివి, ఇది ఫలానా షాపుదని చీటీ అంటించి లోపలికి పంపడమే మన పని.

ముందు మీ కంప్యూటర్‌లో హోస్ట్స్ ఫైల్ (ఏ పేరు ఏ అడ్రస్‌కి వెళ్లాలో రాసుకునే జాబితా) తెరిచి పచ్చళ్లు డాట్ టెస్ట్, చీరలు డాట్ టెస్ట్ అనే రెండు పేర్లనీ 127.0.0.1కి, అంటే మీ కంప్యూటర్‌కే, చూపించండి. డాట్ టెస్ట్ అనేది పరీక్షల కోసమే పక్కన పెట్టిన పేరు, బయట ఎవరి సైటుకీ తగలదు. తర్వాత సెట్టింగ్స్‌లోని అలౌడ్ హోస్ట్స్‌లో, అంటే జాంగో ఏ పేర్లకి జవాబివ్వాలో చెప్పే జాబితాలో, రెండు పేర్లూ రాయండి. విసుగొచ్చి అక్కడ ఏ పేరైనా సరే అని స్టార్ పెట్టేసేవాళ్లు చాలామంది, నేనూ పెట్టాను, కానీ అప్పుడు ఎవడైనా దొంగ హోస్ట్ పేరుతో మీ కస్టమర్ పాస్‌వర్డ్ రీసెట్ అడిగితే మెయిల్‌లో వెళ్లే లింకు వాడి డొమైన్‌ది అయ్యే ప్రమాదం ఉంది.

డేటాబేస్‌లో షాపు అనే టేబుల్ పెట్టి డొమైన్, పేరు, లోగో అందులో ఉంచండి, ప్రతి వస్తువునీ ఫారిన్ కీతో (ఇంకో టేబుల్‌లోని వరసని చూపించే గడి) ఏదో ఒక షాపుకి కట్టండి.

ఇక మిడిల్‌వేర్. గెట్ హోస్ట్‌తో పేరు తీసుకోండి, వెనక 8000 లాంటి పోర్ట్ ఉంటే కత్తిరించండి, చిన్న అక్షరాల్లోకి మార్చండి, ఆ పేరుతో షాపుని వెతికి రిక్వెస్ట్ డాట్ షాప్‌లో పెట్టండి. దొరక్కపోతే పేజీ లేదని చెప్పే 404. ఏదో ఒక షాపు డిఫాల్ట్‌గా చూపిద్దాం అనుకోవద్దు, డొమైన్ తప్పుగా ఎంటర్ చేసినా పేజీ వచ్చేస్తుంది కాబట్టి తప్పు నెలల తరబడి బయటపడదు. రెండు సైట్లకీ యూఆర్‌ఎల్‌లు వేరైతే రిక్వెస్ట్ డాట్ యూఆర్‌ఎల్‌కాన్ఫ్ (ఏ యూఆర్‌ఎల్‌కి ఏ పేజీ అనే జాబితా) కూడా ఇక్కడే మార్చేయొచ్చు. జాంగో వాడే కామన్ మిడిల్‌వేర్, లొకేల్ మిడిల్‌వేర్ దాన్ని చూస్తాయి, కాబట్టి జాబితాలో మనది వాటికి పైన ఉండాలి.

ఒక్కచోట నేను బాగా దెబ్బతిన్నాను. షాపుని రిక్వెస్ట్ మీద కాకుండా సెల్ఫ్ మీద, అంటే మిడిల్‌వేర్ ఆబ్జెక్ట్ మీదే, దాచాను. మిడిల్‌వేర్ ఆబ్జెక్ట్ సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే తయారవుతుంది, వచ్చే రిక్వెస్ట్‌లన్నీ దాన్నే పంచుకుంటాయి. నా ల్యాప్‌టాప్‌లో ఒక్కణ్నే నొక్కుతున్నంతసేపూ అంతా బంగారం. పండగ ముందు రోజు రద్దీ పెరిగింది, ఆవకాయ పేజీ నెత్తిన చీరల లోగో. ఫోన్‌లో ఓనర్ గారు పంపిన స్క్రీన్‌షాట్ చూశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాష్‌లోనూ, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ వాడుకునేచోట, ఇదే గొడవ. జాంగో పేజీ మొత్తాన్ని కాష్ చేస్తే కీలో (దాచినదాన్ని వెతికే పేరులో) డొమైన్ కూడా ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు, టెంప్లేట్‌లో మెనూ లాంటి ముక్కని కాష్ ట్యాగ్‌తో దాచితే మాత్రం షాపు ఐడీ మీరే కలపాలి.

సర్వర్‌లో ఎంజిన్ఎక్స్ (రిక్వెస్ట్‌లు అందుకుని జాంగోకి అందించే వెబ్ సర్వర్) ముందుంటే ప్రాక్సీ సెట్ హెడర్‌తో అసలు హోస్ట్‌ని పంపించండి. వదిలేస్తే అది ప్రాక్సీ పాస్‌లో, అంటే ఎక్కడికి పంపాలో చెప్పే లైన్‌లో, రాసిన పేరునే ముందుకు తోస్తుంది, మీ మిడిల్‌వేర్‌కి డొమైన్‌లన్నీ ఒకేలా కనపడతాయి. హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్‌లో కూడా అన్ని పేర్లూ ఉండాలి, లేదా ఒక్కో డొమైన్‌కి ఒక్కో సర్టిఫికెట్ పెట్టాలి. లాగిన్‌ని గుర్తుంచుకునే సెషన్ కుకీ డొమైన్ సెట్టింగ్‌ని ఖాళీగా వదిలేయండి, అందులో ఒక డొమైన్ రాస్తే రెండో సైటులో ఎవరూ లాగిన్ కాలేరు.

చివరగా సెలరీ టాస్క్‌లు, అంటే పేజీని ఆపకుండా వెనకాల విడిగా నడిచే పనులు. ఆర్డర్ మెయిల్ వెనకాల విడిగా వెళ్తుంటే అక్కడ రిక్వెస్టే ఉండదు, మిడిల్‌వేర్ అంటించిన చీటీ అక్కడిదాకా రాదు. టాస్క్‌ని పిలిచేటప్పుడు షాపు ఐడీ చేతికిచ్చి పంపండి, మెయిల్‌లోని లింకు ఆ షాపు డొమైన్‌తోనే కట్టండి.