ఆర్‌పీజీకి సంగీతం కూర్చడం: బాణీ ఎక్కడ మారాలి, ఎక్కడ మారకూడదు

సినిమాకు నేపథ్య సంగీతం కూర్చేవారికి సన్నివేశం నిడివి సెకన్లతో సహా ముందే తెలుస్తుంది. రోల్‌ప్లేయింగ్ గేమ్‌కు, అంటే కథలోని పాత్రలను ఆడేవారే నడిపించే, వాడుకగా ఆర్‌పీజీ అని పిలుచుకునే వీడియో ఆటకు, సంగీతం కూర్చేవారికి ఆ వెసులుబాటు లేదు. ఒకరు ఊళ్లోకి వచ్చి రెండు నిమిషాల్లో పని చూసుకుని వెళ్లిపోతారు. మరొకరు అదే ఊరి అంగట్లో కత్తుల ధరలు సరిచూసుకుంటూ, కనబడిన ప్రతి మనిషినీ పలకరిస్తూ అరగంట గడుపుతారు. ఒకే బాణీ ఆ ఇద్దరికీ సరిపోవాలి. పైగా ఈ కోవకు చెందిన పెద్ద ఆటలు 40, 50 గంటల పాటు సాగుతాయి కనుక, మొదటి రోజు విన్న బాణీ నెల తరువాత మళ్లీ వినబడినప్పుడు ఆడేవారి మనసులో ఏం కదులుతుందో కూడా కూర్చేవారే ఆలోచించుకోవాలి. అందుచేత ఇక్కడ బాణీ కట్టడంతో పని పూర్తి కాదు. ఏ బాణీ ఎప్పుడు మొదలవ్వాలి, ఎప్పుడు ఆగాలి, ముఖ్యంగా ఎప్పుడు మారకుండా ఉండాలి అన్న నిర్ణయాలే సగానికి పైగా పని. ఆర్‌పీజీ మేకర్, గొడో లాంటి ఇంజిన్లలో, అంటే ఆటలు తయారు చేసే సాఫ్ట్‌వేర్‌లలో, ఒకరిద్దరు కలిసి తమ మొదటి ఆట తయారు చేసుకుంటున్న వారిని దృష్టిలో పెట్టుకుని ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక పట్టిక

హార్మోనియం ముందుకో, కంప్యూటర్ ముందుకో వెళ్లకముందు ఒక కాగితం తీసుకుని, ఆటలోని చోట్లు, మనుషులు, ఘట్టాలు మూడు వరుసల్లో రాసుకోండి. తరువాత ప్రతిదానికీ విడిగా బాణీ అవసరమా అని ప్రశ్నించుకుంటూ కొట్టివేతలు మొదలుపెట్టండి. కొత్తవారు సాధారణంగా ముప్ఫై బాణీలు అనుకుని, పది పూర్తిచేసి, అలసిపోయి మిగిలినవి ఎక్కడినుంచో తెచ్చి అతికిస్తారు. దాంతో ఆట సగం నుంచి వేరే ఆటలా వినబడుతుంది. రెండు మూడు గంటల ఆటకు ఎనిమిది బాణీలు చాలు. 1986లో జపాన్‌లో ఫామికామ్ అనే నింటెండో ఆట యంత్రం మీద వచ్చిన మొదటి డ్రాగన్ క్వెస్ట్ ఆటకు స్వరకర్త కొయిచి సుగియామా కూర్చినవి దాదాపు అన్నే: ప్రారంభ గీతం, కోట, ఊరు, బయలు, గుహ, యుద్ధం, చివరి యుద్ధం, ముగింపు. 2021 జులై 23న టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో క్రీడాకారుల కవాతు ఆ ప్రారంభ గీతంతోనే మొదలైంది.

ఆ ఎనిమిదింటిలో గుహ బాణీ ప్రత్యేకంగా గమనించదగినది. గుహలో ఒక్కొక్క అంతస్తు కిందికి దిగుతున్న కొద్దీ అదే బాణీ శ్రుతి తగ్గుతుంది, నడక కూడా నెమ్మదిస్తుంది. కొత్తగా ఒక్క స్వరం రాయకుండానే, లోతుకు దిగుతున్నామన్న భయం చెవికి తెలుస్తుంది. నేటి ఆట ఇంజిన్లు చాలావాటిలో శ్రుతినీ వేగాన్నీ ఒక అంకె మార్చి దించుకోవచ్చు కాబట్టి, మీ పట్టికలో చీకటి గది, లోతైన చీకటి గది అని రెండు బాణీలు ఉంటే వాటిని ఒకటి చేసి ఈ పద్ధతి ప్రయత్నించండి.

తిరిగి పల్లవికి చేరడం

ఆటలో బాణీ చివరికి వచ్చి మళ్లీ మొదటికి వెళుతుంది. దీన్నే లూప్ అంటారు. చరణం చివరి మాట పల్లవి ఎత్తుగడను వెతుక్కుంటూ వచ్చి దానిలో కలిసిపోయినప్పుడు పల్లవి మళ్లీ మొదలైందని ఎవరూ విసుక్కోరు. లూప్ కూడా అలాగే ఉండాలి. చివరి ఆవర్తనాన్ని షడ్జమం మీద నిలిపి ముగించేస్తే, పాట అయిపోయింది అన్న భావన కలిగి, మళ్లీ మొదలవడం చెవికి గుచ్చుకుంటుంది. ముగింపును పంచమం మీదనో, షడ్జమానికి లాగే నిషాదం మీదనో తేల్చి వదిలితే, మొదటి స్వరమే దానికి జవాబు అవుతుంది.

లెక్క కూడా కచ్చితంగా ఉండాలి. నిమిషానికి 120 దెబ్బల వేగంతో, నాలుగు దెబ్బల ఆవర్తనమైతే ఒక్కో ఆవర్తనం సరిగ్గా 2 సెకన్లు పడుతుంది. 32 ఆవర్తనాలకు 64 సెకన్లు. సెకనుకు 44,100 నమూనాల (శాంపిల్స్) చొప్పున, అంటే ధ్వనిని అన్నిసార్లు కొలుస్తూ, రికార్డు చేస్తే ఆ లూప్ నిడివి 28,22,400 నమూనాలు. ముందు నాలుగు ఆవర్తనాల ఎత్తుగడ ఒక్కసారి మాత్రమే వినిపించి, ఆ తరువాతి భాగమే తిరగాలనుకుంటే, లూప్ 3,52,800వ నమూనా దగ్గర మొదలవ్వాలి. ఆర్‌పీజీ మేకర్ ఈ రెండు అంకెలను ఓజీజీ అనే రకం ధ్వని ఫైలులోని లూప్‌స్టార్ట్, లూప్‌లెంగ్త్ అనే గుర్తుల నుంచి చదువుకుంటుంది. గొడోలో ఓజీజీ ఫైలుకు లూప్ ఆఫ్‌సెట్ అనే అమరికలో ఆ ప్రారంభాన్ని సెకన్లలో ఇవ్వాలి. ఎంపీ3 ఫైలును మాత్రం లూప్‌కు వాడకండి. ఆ పద్ధతిలో కుదించేటప్పుడు ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి నిశ్శబ్దం చేరిపోతుంది. ఒక్కసారి వింటే తెలియదు గానీ, ఊళ్లో అరగంట ఉన్నవారికి ప్రతి నిమిషానికీ ఒక ఎక్కిళ్ల లాంటి విరామం వినబడుతుంది.

యుద్ధ సంగీతం

ఆర్‌పీజీలో అన్నింటికంటే ఎక్కువసార్లు వినబడేది మామూలు యుద్ధం బాణీ. అందులోనూ ఎక్కువసార్లు వినబడేది దాని మొదటి ఐదారు సెకన్లు. చిన్నచిన్న పోరాటాలు అర నిమిషంలో ముగిసిపోతాయి కనుక, మీరు ఎంతో శ్రమపడి రాసిన రెండో భాగం బాస్ (ఘట్టం చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) కాని మామూలు శత్రువుల దగ్గర చాలామంది ఎప్పటికీ వినకపోవచ్చు. కాబట్టి మెల్లగా వేడెక్కే ఎత్తుగడ ఇక్కడ పనికిరాదు. తెర మారిన క్షణంలోనే తాళం, ప్రధాన స్వరసమూహం రెండూ వచ్చేయాలి.

దీనికి అనుబంధంగా మరో సంగతి ఉంది, దీన్ని పట్టించుకునే వారు తక్కువ. యుద్ధం ముగిసి మళ్లీ అడవిలోకి వచ్చినప్పుడు అడవి బాణీ మొదటి నుంచి మొదలవుతోందా, ఆగిన చోటు నుంచి సాగుతోందా? మొదటి నుంచి మొదలైతే, ప్రతి ఇరవై అడుగులకూ శత్రువు ఎదురయ్యే అడవిలో ఆడేవారు ఆ మొదటి పదిహేను సెకన్లే వందసార్లు వింటారు. బాణీ మంచిదైనా విసుగు పుడుతుంది, ఆ విసుగు అడవి మీదికి, చివరకు ఆట మీదికి మళ్లుతుంది. మీ ఇంజిన్ ఆగిన చోటును గుర్తుపెట్టుకుంటోందో లేదో మొదటి రోజే పరీక్షించుకోండి.

పోరాటం ఎలా మొదలైందన్నదాన్ని బట్టి బాణీ మార్చడం మంచి ఆలోచన. 2019లో వచ్చిన పర్సోనా 5 రాయల్‌లో శత్రువును వెనుక నుంచి మాటువేసి పట్టుకుంటే ఒక పాట, అలా కాకపోతే మరో పాట వస్తుంది. నేర్పుగా ఆడినందుకు సంగీతమే బహుమానం అన్నమాట.

జ్ఞాపకాన్ని నాటడం

కూచిపూడి కలాపంలో పాత్ర తెర వెనుక నుంచి వచ్చేటప్పుడు ప్రవేశదరువు ఉంటుంది. ఆ దరువు వినగానే ఎవరు వస్తున్నారో, ఆ మనిషి స్వభావం ఏమిటో ప్రేక్షకులకు తెలిసిపోతుంది. ఆర్‌పీజీలో పాత్రకొక బాణీ ఇవ్వడం కూడా ఆ దారిలోదే, అయితే ఇక్కడ ఆ బాణీ పని ప్రవేశంతో ముగియదు. 1994 నాటి ఫైనల్ ఫాంటసీ సిక్స్‌కు నొబువొ ఉవెమాత్సు కూర్చిన సంగీతంలో ఆడదగిన పద్నాలుగు పాత్రలకూ తమతమ బాణీలు ఉన్నాయి; ఆట ముగిశాక ఇరవై నిమిషాలకు పైగా సాగే ముగింపు సంగీతంలో అవి ఒకదాని వెంట ఒకటి తిరిగి వస్తాయి. ఇదంతా ఫామికామ్ తరువాతి యంత్రమైన సూపర్ ఫామికామ్‌లో ధ్వనికి కేటాయించిన 64 కిలోబైట్ల జ్ఞాపకస్థలంలో (మెమరీలో), ఒకేసారి మోగగల ఎనిమిది ధ్వనులతో చేసిన పని అని తెలిసినప్పుడు నాకు ఆ స్వరకర్త మీద గౌరవం రెట్టింపు అయింది.

ఆచరణలో ఇలా చేయండి. ముఖ్యపాత్రకు ఐదు నుంచి ఎనిమిది స్వరాల చిన్న పదబంధం ఒకటి తయారు చేసుకోండి. దాన్ని వాద్యం లేకుండా నోటితో పాడి చూడండి. పాడలేకపోతే ఆడేవారు గుర్తుపెట్టుకోలేరు. మోహన లాంటి ఐదు స్వరాల రాగంలో కడితే ఏ తంత్రి మీదైనా, ఏ వేగంలోనైనా ఇట్టే ఒదుగుతుంది. ఆ పదబంధాన్ని ఆట మొదటి పావుగంటలో ఒక ప్రశాంతమైన క్షణంలో, మాటలు లేని చోట, పూర్తిగా వినిపించండి. ఆ తరువాత చాలాసేపు దాచండి. మధ్యలో ఒకసారి వేరే వాద్యం మీద, వేరే బాణీ లోపల సగం మాత్రమే వినిపించండి. చివర్లో పూర్తిగా ఇవ్వండి. 2015లో టోబీ ఫాక్స్ తయారు చేసిన అండర్‌టేల్‌లో ఆట తెరవగానే బొమ్మల కథతో పాటు వినిపించే చిన్న మెలొడీ, ఆఖరి ఘట్టాల్లో ఒక మహాయుద్ధం బాణీగా పెరిగి తిరిగి వస్తుంది. ఎందుకు కళ్లు చెమ్మగిల్లాయో ఆడేవారికి వెంటనే అర్థం కాదు. చెవి మాత్రం ముందే గుర్తుపట్టేసి ఉంటుంది.

అన్నింటిలోకీ నేను గొప్పదని నమ్మే ఉదాహరణలో స్వరకల్పన కంటే నిర్ణయమే పెద్దది. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ సెవెన్ మొదటి డిస్క్ చివర ఏరిత్ అనే అమ్మాయి చనిపోతుంది. ఆ వెంటనే ఒక పెద్ద శత్రువుతో పోరాటం మొదలవుతుంది. అప్పటివరకూ ఆట నేర్పిన అలవాటు ప్రకారం అక్కడ బాస్ బాణీ గర్జించాలి. అది రాదు. ఏరిత్ బాణీయే, పియానోతో మొదలైనది, కత్తులు ఆడుతున్నా మంత్రాలు పేలుతున్నా అలాగే సాగుతుంది. చేతులు మీటలు నొక్కుతూనే ఉంటాయి, మనసు మాత్రం ఆ నీటి ఒడ్డునే ఉండిపోతుంది. అప్పటిదాకా పదుల గంటల పాటు ప్రతి పోరాటానికీ బాణీ మార్చుతూ వచ్చారు కాబట్టే, ఆ ఒక్కసారి మార్చకపోవడానికి అంత బలం వచ్చింది. మీ ఆటలోనూ ఇలాంటి చోటు ఒకటి ఉంటుంది. పట్టికలో దాని ఎదుట బాణీ పేరు రాయకుండా, ముందు బాణీయే సాగాలి అని రాసుకోండి. రెండో చోట మాత్రం ఈ పని చేయకండి.

పొరలు పొరలుగా

బాణీని పూర్తిగా మార్చకుండా, దానిలోని పొరలను హెచ్చించి తగ్గించే పద్ధతి మరొకటి ఉంది. 2017 నాటి నీర్ ఆటోమాటాలో కేయిచి ఒకాబే బృందం ఒక్కో బాణీని మెత్తని రూపం, మధ్యస్థ రూపం, ఉద్ధృత రూపం అని రాసి, వాటికి గాత్రం ఉన్నవీ లేనివీ జతచేసింది. ఊరికే తిరుగుతున్నప్పుడు మెత్తగా ఉన్నది, పోరాటం రాగానే అదే తాళంలో, అదే క్షణం నుంచి ఉద్ధృతమవుతుంది. యంత్రాల మెదడులోకి చొరబడే ఘట్టంలో అదే బాణీ పాత కాలపు 8 బిట్ ధ్వనిలోకి మారిపోతుంది. దీనికి పెద్ద స్టూడియో అవసరం లేదు. ఒకే నిడివి, ఒకే వేగం ఉన్న మూడు ఫైళ్లు, అంటే శ్రుతి, తంత్రీవాద్యాలు ఒకటి, తాళవాద్యాలు ఒకటి, ప్రధాన మెలొడీ ఒకటి, ఒకేసారి మొదలుపెట్టి, అక్కర్లేనివాటి ధ్వనిని సున్నాకు దించి ఉంచితే సరిపోతుంది. గొడో 4.3 నుంచి ఇలా కలిపి నడిపే సౌకర్యం ఇంజిన్‌లోనే ఉంది. పొరను ఒక్కసారిగా తెరవకుండా ఒకటి రెండు సెకన్లలో పైకి తీసుకురండి.

మన వాద్యాలు

2015లో వచ్చిన ది విచర్ త్రీ కోసం పోలండ్ స్వరకర్త మార్చిన్ ప్షిబివోవిచ్ బృందం, పర్సివల్ అనే జానపద సంగీత బృందంతో కలిసి పనిచేసింది. అందువల్లనే ఆ యుద్ధ సంగీతం మరే ఆటలోనూ వినబడనట్టు ఉంటుంది. తెలుగు నేల మీద కథ నడిపించే ఆటకు పరదేశపు ఆర్కెస్ట్రా నమూనాలే దిక్కు కానవసరం లేదు. బుర్రకథలోని తంబుర, గుమ్మెట, ఒగ్గుకథలోని ఒగ్గు, ఉత్తరాంధ్ర జముకు, డప్పు ఇవన్నీ పుట్టుకతోనే కథ చెప్పే వాద్యాలు. డప్పు దెబ్బలను వేర్వేరుగా, గట్టిగా, మెల్లగా, చిటికెన పుల్లతో, సిర్రతో రికార్డు చేసుకుంటే ఒక్క రోజులో యుద్ధ బాణీకి సరిపడా సామగ్రి దొరుకుతుంది. అయితే వాయించిన కళాకారులకు తగిన పారితోషికం ఇచ్చి, రికార్డింగును ఆటలో వాడుకుంటామని రాతపూర్వకంగా చెప్పి, ముగింపు పేర్లలో వారి పేరు తప్పనిసరిగా వేయండి. ఊళ్లో విన్నది కదా అని ఊరికే తీసుకోవడం అన్యాయం.

చివరి పరీక్ష

బాణీలన్నీ అమర్చాక, చాలామంది ఫోన్‌లో ఆడతారు కనుక ఫోన్ స్పీకర్ మీద విని చూడండి. చిన్న స్పీకరులో మంద్రస్వరాలు మాయమవుతాయి కాబట్టి, బాణీ ప్రాణం వాటి మీదే ఉంటే ఒక స్థాయి పైకి ఎత్తాలి. మాటలు వచ్చే చోట సంగీతాన్ని తగ్గించండి, మాట ముగిశాక నెమ్మదిగా తిరిగి పెంచండి. కొన్ని గదుల్లో సంగీతమే లేకుండా, నీటి చప్పుడో కీచురాళ్ల మోతో మాత్రమే ఉంచండి. దాని తరువాత వచ్చే బాణీ మొదటి స్వరానికి అప్పుడే విలువ వస్తుంది. తరువాత ఆట గురించి ఏమీ తెలియని ఒకరిని పిలిచి, పక్కన కూర్చుని, గంటసేపు మాట్లాడకుండా చూడండి. వారు ధ్వని తగ్గించిన ప్రతి చోటునూ సమయంతో సహా రాసుకోండి. మరునాడు వారిని ఆటలోని ఏదైనా ఒక బాణీ కూనిరాగం తీయమని అడగండి. వారు ఏది తీస్తే, ఆట ముగింపులో దాన్నే తిరిగి తీసుకురండి.