నీటి ఆటల్లో తెల్లని చర్మం కమిలిపోకుండా

నీళ్లలో ఉన్నంతసేపూ ఒంటికి చల్లగా ఉండటం వల్ల ఎండ తగులుతున్న సంగతి తెలియదు గానీ, అతినీలలోహిత కిరణాలు నీటిలోకి కూడా దిగుతాయి కనుక, చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తక్కువగా ఉండే తెల్లని చర్మం త్వరగా కమిలిపోతుంది. అన్నిటికన్నా నమ్మదగినది బట్టే. యూపీఎఫ్ (బట్ట అతినీలలోహిత కిరణాలను ఎంత అడ్డుకుంటుందో చెప్పే సంఖ్య) 50 గల పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే సన్‌స్క్రీన్ రాయవలసిన భాగం చాలా తగ్గుతుంది. మిగిలిన చోట్ల ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి సన్‌స్క్రీన్ ఇచ్చే రక్షణను చెప్పే సంఖ్య) 30 లేదా అంతకు మించిన, నీటిని తట్టుకునే సన్‌స్క్రీన్‌ను దిగడానికి 15 నిమిషాల ముందే ధారాళంగా పట్టించాలి. చెవుల అంచులు, మెడ వెనుక భాగం, మోకాళ్ల వెనుక మడతలు, పాదాల పైభాగం చాలామంది మరచిపోయే చోట్లు. డబ్బాపై రాసి ఉండే 40 లేదా 80 నిమిషాలు నీళ్లలో దాని రక్షణ నిలిచే కాలం మాత్రమే. తువ్వాలుతో తుడుచుకుంటే, గడువు మిగిలి ఉన్నా సరే, వెంటనే మళ్లీ రాసుకోవాలి.