లైనక్స్ కర్నెల్‌లోకి వచ్చే కొత్త ఐ2సీ బస్ డ్రైవర్‌ను సమీక్షించే పద్ధతి

ఐ2సీ అంటే క్లాక్ తీగ, డేటా తీగ అనే రెండు తీగల మీద ప్రాసెసర్‌ను చిన్న పరికరాలతో కలిపే బస్; దాన్ని నడిపే హార్డ్‌వేర్‌ను బస్ కంట్రోలర్ అంటారు. ఒక సెన్సర్ డ్రైవర్‌లో తప్పు ఉంటే ఆ సెన్సర్ ఒక్కటే పనిచేయదు. బస్ కంట్రోలర్ డ్రైవర్‌లో తప్పు ఉంటే ఆ బస్‌కు తగిలించిన ప్రతి పరికరమూ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది, పైగా నింద మాత్రం ఆయా పరికరాల డ్రైవర్ల మీదికి పోతుంది. డేటా సవ్యంగా వెళ్లే దారిని కోడ్ రాసినవారు తమ బోర్డు మీద వందలసార్లు నడిపి చూసే ఉంటారు కనుక, సమీక్షించేవారు ముఖ్యంగా చదవవలసింది డేటా వెళ్లని దారిని.

సమీక్షకు వచ్చిన కోడ్ మార్పును, అంటే ప్యాచ్‌ను, తెరవడానికి ముందే ఆ కంట్రోలర్ మాన్యువల్‌లో రిజిస్టర్ల అధ్యాయాన్ని ఒకసారి చదవాలి. బైట్లు వరుసలో నిలిచే ఫైఫో లోతు ఎంత, ఏ స్టేటస్ బిట్ చదవగానే చెరిగిపోతుంది, ఏ బిట్ మీద 1 రాస్తే చెరుగుతుంది అన్న వివరాలు తెలియకుండా హార్డ్‌వేర్ సంకేతం ఇవ్వగానే నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్‌ను తప్పనో ఒప్పనో తేల్చలేము. మాన్యువల్ బయటివారికి అందుబాటులో లేకపోతే ఈ వివరాలను కోడ్‌లోనే వ్యాఖ్యలుగా రాయమని అడగడంలో తప్పేమీ లేదు. హార్డ్‌వేర్‌ను కర్నెల్‌కు ఎలా వర్ణించాలో చెప్పే డివైస్ ట్రీ బైండింగ్ వేరే ప్యాచ్‌గా, డ్రైవర్ ప్యాచ్ కంటే ముందు ఉండాలి. పరికరాన్ని డ్రైవర్‌తో జతచేసే, అందులోని కంపాటిబుల్ పేరు ఒకసారి విడుదలైతే మార్చడం చాలా కష్టం కాబట్టి, దానికి మరో పది నిమిషాలు కేటాయించవచ్చు.

నా మట్టుకు నేను ఫైలును మొదటి పంక్తి నుంచి చదవను, మెసేజ్‌లను పంపి అందుకునే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌కు నేరుగా వెళ్తాను. మొదట చూడవలసింది అది తిరిగి ఇచ్చే విలువ. విజయవంతమైతే పూర్తయిన మెసేజ్‌ల సంఖ్యను ఇవ్వాలి గాని సున్నాను కాదు. విఫలమైతే ఇచ్చే లోప సంఖ్యల్లో, చిరునామాకు ఏ పరికరమూ జవాబు ఇవ్వకపోతే ఈఎన్ఎక్స్ఐఓ, అదే బస్‌ను నడపబోయే మరో మాస్టర్‌తో పోటీలో బస్ చేజారితే ఈఅగైన్, గడువు దాటితే ఈటైమ్‌డౌట్ అన్న తేడా పాటించాలి. ఈఅగైన్ వచ్చినప్పుడు, ఐ2సీ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడి కర్నెల్ భాగమైన ఐ2సీ కోర్ మళ్లీ ప్రయత్నించగలదు కాబట్టి, అన్నిటికీ ఈఐఓ అనే సాధారణ లోప సంఖ్యనే ఇచ్చి ఊరుకునే డ్రైవర్ ఆ అవకాశాన్ని మూసివేస్తుంది.

తర్వాత నిడివి సున్నా ఉన్న మెసేజ్‌ను మనసులోనే ఆ ఫంక్షన్ గుండా నడిపించి చూడాలి. నిడివిలోంచి ఒకటి తీసివేసి 16 బిట్ల కౌంట్ రిజిస్టర్‌లో రాసే డ్రైవరైతే, ఆ మెసేజ్ 65535గా మారి హార్డ్‌వేర్‌కు అందుతుంది. హార్డ్‌వేర్‌కు సున్నా నిడివి చేతకాకపోతే ఆ సంగతిని హార్డ్‌వేర్ పరిమితుల జాబితా అయిన క్విర్క్స్‌లో ప్రకటించి, డ్రైవర్ తనకున్నట్లు చెప్పుకునే సామర్థ్యాల జాబితాలోంచి డేటా లేని బదిలీ అయిన ఎస్ఎంబస్ క్విక్‌ను తొలగించాలి.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసిన చోటు, గడువు దాటిన తర్వాతి పది పంక్తులు. ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ మెసేజ్ బఫర్ చిరునామాను డ్రైవర్ స్ట్రక్చర్‌లో దాచి, హార్డ్‌వేర్‌ను కదిలించి, పని ముగిసిందని తెలిపే కంప్లీషన్ కోసం ఒక సెకను నిద్రపోతుంది అనుకుందాం. ఏదో పరికరం క్లాక్ తీగను చాలాసేపు కిందికి పట్టుకోవడం వల్ల గడువు దాటిపోతుంది, ఫంక్షన్ ఈటైమ్‌డౌట్ ఇచ్చి వెనుదిరుగుతుంది, పిలిచినవారు ఆ బఫర్‌ను విడిచిపెట్టేస్తారు. ఆ మరుక్షణం పరికరం క్లాక్‌ను వదులుతుంది, నిలిచిపోయిన బైటు వచ్చి చేరుతుంది, ఇంటరప్ట్ హ్యాండ్లర్ లేచి దాచిన చిరునామాలో దాన్ని రాస్తుంది. ఇప్పుడు ఆ చోటు ఎవరిదో మనకు తెలియదు. దీనికి నివారణ ఏమిటంటే, గడువు దాటగానే కంట్రోలర్ ఇంటరప్ట్‌లను మూసి, హార్డ్‌వేర్‌ను ఆపి, అప్పటికే వేరే ప్రాసెసర్ కోర్‌లో నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగి లేదా స్పిన్‌లాక్ పట్టుకుని, మెసేజ్ పాయింటర్‌ను శూన్యం చేసిన తర్వాతే తిరిగి రావాలి. కొత్త బదిలీ మొదలుపెట్టే ముందు కంప్లీషన్‌ను తిరిగి తొలి స్థితికి తేవడం మరిచిపోతే, ఆలస్యంగా వచ్చిన పాత ఇంటరప్ట్ కొత్త బదిలీని ముగిసినట్టు చూపిస్తుంది.

అదే చోట మరో రెండు చిన్న విషయాలున్నాయి. గడువుతో వేచి ఉండే కంప్లీషన్ ఫంక్షన్ గడువు దాటితే సున్నాను ఇస్తుంది, రుణసంఖ్యను ఎప్పుడూ ఇవ్వదు. సున్నా కంటే తక్కువా అని పరీక్షించే కోడ్‌కు ప్రతి వైఫల్యమూ విజయంగానే కనిపిస్తుంది. సిగ్నల్ వస్తే మధ్యలో లేచిపోయే రకం నిద్రను వాడితే, ఎవరో కంట్రోల్ సీ నొక్కినందుకు సగం బైటు దగ్గర బస్ ఆగిపోతుంది.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో, 1 రాస్తే చెరిగే స్టేటస్ రిజిస్టర్‌ను చదివి, ఒక బిట్ జోడించి, మళ్లీ రాసే కోడ్ కనిపిస్తే అక్కడ ఆగాలి. ఇతర రిజిస్టర్ల విషయంలో ఇది మంచి అలవాటే గాని, ఇక్కడ మాత్రం ఇంకా పట్టించుకోని సంఘటనలను కూడా తుడిచివేస్తుంది. హ్యాండ్లర్ పరిశీలించిన బిట్లను మాత్రమే తిరిగి రాయాలి.

బస్ వేగం లెక్క చిన్నదే అయినా వదలకూడదు. 25 మెగాహెర్ట్జ్ క్లాక్ నుంచి 400 కిలోహెర్ట్జ్ కావాలంటే భాగహారం 62.5 ఇస్తుంది. సీ భాష దశాంశాన్ని వదిలేసి 62 ఇస్తే బస్ దాదాపు 403 కిలోహెర్ట్జ్‌తో పరుగెత్తి పరిమితిని దాటుతుంది; పైకి సవరించి 63 తీసుకుంటే సుమారు 397 దగ్గర భద్రంగా ఉంటుంది.

పరికరం ఒకటి బైటు పంపుతుండగా ప్రాసెసర్ రీసెట్ అయితే, ఆ పరికరం డేటా తీగను కిందికి పట్టుకుని రాని క్లాక్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అలాంటప్పుడు క్లాక్ తీగ మీద 9 పల్సులు పంపి విడిపించడం ఐ2సీ ప్రమాణంలోనే ఉన్న పద్ధతి. కోర్ ఇందుకు బస్ రికవరీ సదుపాయాన్ని ఇప్పటికే ఇస్తోంది కాబట్టి, డ్రైవర్ రచయిత సొంతంగా లూప్ రాసి ఉంటే తీసివేయమని చెప్పాలి.

పరికరాన్ని సిద్ధం చేయడానికి కర్నెల్ పిలిచే ప్రోబ్ ఫంక్షన్‌ను వరుసక్రమం కోసం చదవాలి. కోర్‌కు ఈ బస్‌ను చూపే అడాప్టర్‌ను నమోదు చేసిన క్షణం నుంచే కోర్ బస్ మీది పరికరాల డ్రైవర్లను పిలవడం, అవి వెంటనే బదిలీలు అడగడం జరగవచ్చు కాబట్టి ఆ నమోదు అన్నిటికంటే చివర ఉండాలి. డ్రైవర్‌ను తీసేటప్పుడు నడిచే రిమూవ్‌లో ముందు అడాప్టర్ తొలగాలి, తర్వాత కంట్రోలర్ ఇంటరప్ట్‌లు ఆగాలి, ఆ తర్వాతే కంట్రోలర్‌ను నడిపే క్లాక్. తీసుకున్నదాన్ని కర్నెలే తర్వాత విడిచిపెట్టే డెవ్ఎం రకం ఫంక్షన్‌తో ఇంటరప్ట్‌ను తీసుకున్న డ్రైవర్లలో ఒక మెలిక ఉంది: రిమూవ్ ముగిశాకే ఆ ఇంటరప్ట్ విడుదలవుతుంది, అయితే క్లాక్‌ను రిమూవ్‌లోనే ఆపేసి ఉంటారు. ఆ సందులో హ్యాండ్లర్ లేచి క్లాక్ లేని రిజిస్టర్‌ను చదివితే, కొన్ని చిప్‌లలో వ్యవస్థ మొత్తం బిగుసుకుపోతుంది.

డీఎంఏను, అంటే హార్డ్‌వేరే నేరుగా మెమరీని చదివి రాసే పద్ధతిని, వాడే డ్రైవరైతే, వచ్చే బఫర్ స్టాక్ మీదిది కావచ్చని గుర్తుంచుకుని, డీఎంఏకు తగిన బఫర్‌ను కోర్ సహాయక ఫంక్షన్ ద్వారానే తీసుకుంటోందా, మ్యాపింగ్ లోపాన్ని పరీక్షిస్తోందా అని చూస్తే చాలు. వాడనప్పుడు పరికరం విద్యుత్తును ఆదా చేసే రన్‌టైమ్ పీఎం విషయంలో పాత గెట్ సింక్ ఫంక్షన్ విఫలమైనా వాడకం లెక్కను పెంచే వెళ్తుంది. రెజ్యూమ్ అండ్ గెట్ వాడమని సూచిస్తే ఆ చిక్కు ఉండదు.

కోడ్‌ను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్, స్పార్స్ పనిముట్లు చెప్పే మాటలను మనం తిరిగి టైపు చేయనక్కరలేదు, వాటిని నడిపించమంటే సరిపోతుంది. మన వ్యాఖ్యల్లో మాత్రం తప్పనిసరిగా దిద్దవలసినదేదో, కేవలం అభిరుచికి సంబంధించినదేదో విడదీసి రాయాలి. "ఇక్కడ రేస్ ఉంది", అంటే రెండు పనుల వేళలు ఢీకొంటున్నాయి, అనడం కంటే, ఏ పంక్తి తర్వాత ఇంటరప్ట్ వస్తే ఏమవుతుందో రెండు వాక్యాల్లో రాస్తే అవతలివారు అదే రోజు దిద్దగలరు.

సమీక్షించి ఒప్పుకున్నానని తెలిపే రివ్యూడ్ బై ట్యాగ్ ఇచ్చే ముందు నేను ఒక పరీక్ష ఫలితం అడుగుతాను. సాఫ్ట్‌వేర్ నేరుగా ఎత్తి దించగల జీపీఐఓ పిన్నులతో బస్‌ను నడిపే, కర్నెల్‌లోని ఐ2సీ జీపీఐఓ డ్రైవర్‌లో లోపాలను కావాలని సృష్టించే సదుపాయం ఉంది. రెండు జీపీఐఓ పిన్నులను అదే బస్‌కు కలిపి, డేటా తీగను కిందికి పట్టి ఉంచి, బైటును సగంలో ఆపి, పోటీలో ఓడించి చూడమంటాను. ఆ మూడింటిలో ఏ లోప సంఖ్య వచ్చిందో, తీగలను వదిలాక తర్వాతి బదిలీ సవ్యంగా నడిచిందో లేదో లాగ్‌తో సహా పంపమంటాను.