అంబాసిడర్ వెనక కమాన్లు: ఎక్స్‌ట్రా పట్టీ వేయించే ముందు

మా 1988 అంబాసిడర్ వెనక సీటు మా మామయ్యగారిది. ఆయనకి నడుం నొప్పి. గుంటూరు అరండల్‌పేట నుంచి విజయవాడ ఆసుపత్రికి నెలకి రెండుసార్లు ఆయన్ని తీసుకెళ్లేది నేనే. బండి వెనక బరువు మోసేది కమాన్లు, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల కట్టలు. మూడేళ్ల కిందట బండి వెనక ఎడమ పక్క దిగిపోయింది. గతుకు తగిలినప్పుడల్లా దడేలుమని అడుగున కొట్టుకునేది. ఆటోనగర్‌లో ఒక షాపులో చూపిస్తే, కిందికి వంగి చూడకుండానే "ఎక్స్‌ట్రా పట్టీ వేసేద్దాం మేడం, ఇక దిగమన్నా దిగదు" అన్నారు. సరేనన్నాను. దిగలేదు, ఊగనూ లేదు. తిరుగు ప్రయాణంలో కాజ టోల్‌గేటు రాకముందే మామయ్యగారు "కాసేపు పక్కకి ఆపమ్మా" అన్నారు. ఆ పట్టీ వారం తిరక్కుండా తీయించేశాను.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. వేయించే ముందే చేసుకోవాల్సిన లెక్క ఇది. పట్టీ బిగుతు, అంటే బరువుకి వంగకుండా నిలిచే గట్టిదనం, మందం × మందం × మందం లెక్కన పెరుగుతుంది. వెడల్పు, పొడవు మారకుండా 6 మిల్లీమీటర్ల పట్టీ బదులు 7 మిల్లీమీటర్లది వేస్తే బిగుతు ఒక్కసారిగా 60 శాతం దాకా పెరుగుతుంది. నా బండికి వేసింది లారీ పట్టీలోంచి కోసిన ముక్క, మందం 10 మిల్లీమీటర్లు. అంటే 6 మిల్లీమీటర్ల పట్టీలు నాలుగున్నర అదనంగా వేసినట్టే. అందుకే షాపుకి వెళ్లేటప్పుడు మందం కొలిచే వెర్నియర్ పట్టుకెళ్లండి. పాత పట్టీ ఎంత మందం, కొత్తది ఎంత, మీరే కొలవండి. "అదే సైజు మేడం" అన్న మాట మీద వదిలేయకండి.

అసలు కమాన్లే మార్చాలా అన్నది ముందు తేల్చుకోవాలి. బండిని చదునైన నేల మీద ఖాళీగా నిలబెట్టి, వెనక చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. తర్వాత మీ ఇంట్లో మామూలుగా ఎవరెవరు ఎక్కుతారో వాళ్లని ఎక్కించి మళ్లీ కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడే నా బండి ఎడమ పక్క రెండు సెంటీమీటర్లు తక్కువ ఉంది. అంత తేడా ఉందంటే ఆ పక్క మెయిన్ పట్టీ చచ్చిపోయి ఉండాలి, లేదా ఏదో ఒకటి విరిగి ఉండాలి. రెండు పక్కలా సమానంగా ఉండి, జనం ఎక్కాక మాత్రమే దిగుతుంటే అది బరువు సంగతి, కమాన్ల ఎంపిక దగ్గర చెబుతాను.

ఆ తర్వాత బండి కిందికి దూరాలి. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, కమాన్లు వేలాడే బ్రాకెట్లు బాడీ రేకుకే ఉంటాయి. అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. తుప్పు పొడిగా రాలుతుంటే మిగతా ఖర్చంతా ఆపి ముందు ఆ వెల్డింగు చేయించండి. కుళ్లిన రేకుకి గట్టి కమాను తగిలిస్తే, ఊడేది బ్రాకెట్టే.

బండి ఊపుని ఆపే షాకబ్జర్ల పరీక్షలో చాలామంది పొరపడతారు. డిక్కీ మీద నొక్కి వదిలి, ఊగకపోతే బాగున్నాయనుకుంటారు. తుప్పు పట్టిన పట్టీలు ఒకదాన్నొకటి ఒరుసుకుని వాటంతట అవే ఊపుని ఆపేస్తాయి, షాకబ్జర్‌లో ఆయిల్ చుక్క లేకపోయినా సరే. కింది బోల్టు విప్పి చేత్తో లాగి చూడాలి. లాగుతుంటే మొదటి నుంచి చివరి దాకా ఒకేలా బరువు తెలియాలి. మధ్యలో ఖాళీగా జారితే పోయినట్టే. మార్చేటప్పుడు జతగానే మార్చండి.

ఇప్పుడు కమాన్ల ఎంపిక. నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏడాదిలో మూడు వందల రోజులు మీ బండి మోసే బరువెంత? సంక్రాంతికి తెనాలి నుంచి నాలుగు బియ్యం బస్తాలు తెచ్చుకునే ఒక్కరోజు కోసం కమాను ఎంచుకుంటే మిగతా రోజులన్నీ నడుం పట్టుకోవాల్సిందే. ఆ ఒక్కరోజు నెమ్మదిగా తోలుకోవచ్చు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు పెట్టించుకున్న వాళ్ల సంగతి వేరు. అది రోజూ ఉండే బరువు, ఖాళీ సిలిండరే 50 కిలోల పైమాట. వాళ్లకి పాత పట్టీల మందంతోనే ఒక పొట్టి పట్టీ కలపడం న్యాయం.

మామూలు కుటుంబ బండికి నా సలహా కంపెనీ కొలతల్లోనే కొత్త కట్ట. దొరక్కపోతే పాతదాన్నే బాగు చేయించడం. కట్ట విప్పించి, ప్రతి పట్టీ తుప్పు గీకించి, పగుళ్లు చూసి, వంపు తిరిగి పెట్టించాలి. దీంట్లో మెలకువ ఉంది. ఎర్రగా కాల్చి, వంచి, గాలికి వదిలేస్తే ఉక్కు మెత్తబడుతుంది, కొన్ని నెలల్లో మళ్లీ దిగిపోతుంది. కాల్చి ఆయిల్‌లో ముంచి అక్కడితో ఆపేస్తే పెళుసెక్కి విరుగుతుంది. ముంచాక మళ్లీ తక్కువ వేడి మీద టెంపర్ పెట్టాలి. "ముంచాక మళ్లీ వేడి చేస్తారా?" అని అడగండి. చేస్తామన్న వాళ్లకే ఇవ్వండి. ఆటోనగర్‌లో నేను ఇప్పుడు వెళ్లే పెద్దాయన ఆ ప్రశ్న వినగానే పని ఆపి, "నీకెవరు చెప్పారమ్మా?" అని పక్కన కూర్చోబెట్టుకుని కొలిమి చూపించాడు.

వంపు మరీ ఎక్కువ పెట్టించకండి. బండి వెనక ఎత్తుగా లేస్తే చూడ్డానికి బాగుంటుందేమో గానీ, కమాను వెనక కొసని బాడీకి తగిలించే చిన్న లింకు, అదే షాకిల్, దాని కోణం మారిపోతుంది. ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం కూడా మారి, హైవే మీద వేగం అందుకోగానే అదురు మొదలవుతుంది.

పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాయించండి. కాలిపోయిన ఇంజనాయిల్ మాత్రం వద్దు, కమాను కొసల్లో ఉండే బుష్‌ల రబ్బరుని తినేస్తుంది. బుష్‌లు రబ్బరువే వేయించండి. పాలీయురేథేన్ వాటితో బండి మలుపుల్లో గట్టిగా ఉంటుంది, కానీ ప్రతి గతుకూ సీటు దాకా వస్తుంది. వెనక పెద్దవాళ్లు కూర్చునే బండికి అవి పనికిరావు.

అమెరికా బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకి ఒక మాట. 1967 షెవర్లే కమారో కారుకి వెనక ఒంటి పట్టీయే ఇచ్చారు. ఇంజను తోపుకి వెనక చక్రాల ఇరుసు, అదే యాక్సిల్, మెలిపడి ఎగిరేది. 1968లో ఒక షాకబ్జర్‌ని యాక్సిల్ ముందుకి, ఒకదాన్ని వెనక్కి జరిపారు. ఇసుజు ఇంజనున్న అంబాసిడర్‌లో మొదటి గేర్‌లో వెనక దబదబమంటే కారణం ఈ జాతిదే కావచ్చు. అప్పుడు కూడా మొదట కమాన్ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు, కమాను ముందు కొస బుష్ చూడండి. కమాన్లు పీకేసి కాయిల్ స్ప్రింగులు పెట్టిస్తామనే వాళ్ల జోలికి నేను వెళ్లను. బాడీ కోయాలి, పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాసిన వివరాలకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు.

ఇక బిగింపు. బుష్ బోల్టులు బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించనివ్వకండి. చక్రాలు నేల మీద ఆని, బరువు పడ్డాకే ఆఖరి బిగింపు. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి తొందరగా చిరుగుతుంది. యూ బోల్టులు కొత్తవే వేయించి, గుంటూరు–విజయవాడ నాలుగైదుసార్లు తిరిగాక మళ్లీ బిగింపించండి. వదులైతే పట్టీలన్నిటినీ నడుమ పట్టి ఉంచే సెంటర్ బోల్టు తెగి యాక్సిల్ పక్కకి జరుగుతుంది. ముందు చక్రం నుంచి వెనక చక్రానికి రెండు పక్కలా కొలిస్తే అది దొరికిపోతుంది. నా కొలతలు డిక్కీ మూత లోపల మార్కర్‌తో రాసుకున్నాను, తారీఖుతో సహా. మొన్న కొలిస్తే రెండు పక్కలా సమానంగా ఉన్నాయి. మామయ్యగారు కృష్ణ మీద వారధి దాటేటప్పటికి నిద్రలో ఉన్నారు.