కదిలే గురి మీద బాణం: టేబుల్‌టాప్ ఆటలో వేగాన్ని ఎలా లెక్కకట్టాలి?

పాచికలు వేస్తూ బల్ల చుట్టూ కూర్చుని కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడే చోట ఎప్పుడో ఒకప్పుడు ఈ పేచీ రాక తప్పదు. మా పర్లాకిమిడిలో రైలు దగ్గర వచ్చింది. కథ 1931 నాటిది. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే పడ్డ రెండున్నర అడుగుల చిన్న లైను ఆ ఏడాదే గుణుపురం దాకా వెళ్ళింది. ఆటలో దొంగలు ఆ రైలెక్కి పారిపోతున్నారు. గట్టు మీద నిలబడి మా విలుకాడు బాణం ఎక్కుపెట్టాడు. "ఆగున్నోడికీ రైల్లో ఎల్లిపోతున్నోడికీ ఒకటే నెంబరేటి బావా?" అన్నాడు పక్కన కూర్చున్న కుర్రాడు.

అడగాల్సిన ప్రశ్నే. ఆ రూల్సులో కవచానికి లెక్కుంది, చాటుకి ఉంది, దూరానికి ఉంది. గురి ఎంత వేగంగా పోతోందన్నదానికి మాత్రం లేదు. కాలినడకన సాగే పోరాటాలకి ఆ లోటు కనపడదు. మామూలు మనిషి ఆరు సెకన్ల రౌండులో 30 అడుగులు కదులుతాడు. డ్యాష్ తీసుకుని పరిగెత్తినా 60 అడుగులే, అంటే గంటకి 11 కిలోమీటర్లు. అందుకే నడిచేవాళ్ళకీ పరిగెత్తేవాళ్ళకీ కింద చెప్పే రూలు వాడొద్దు. వాళ్ళ చురుకుదనం ఆర్మర్ క్లాస్‌లో, అంటే దెబ్బ తగలాలంటే పాచిక అందుకోవాల్సిన అంకెలో, ముందే కలిసి ఉంది. మళ్ళీ పాచికలో కోత పెడితే విలుకాడికి అన్యాయం. గుర్రం, బండి, రైలు, మోటారు సైకిలు వచ్చినప్పుడే లెక్క తీయండి.

ముందు జరుగుబాటు చూడండి

బాణం చేరేలోపు గురి ఎంత జరుగుతుంది? అసలు ప్రశ్న ఇదొక్కటే. మామూలు విల్లు నుంచి వదిలిన బాణం సెకనుకి సుమారు 50 మీటర్లు పోతుందనుకోండి. రైలు గంటకి 25 కిలోమీటర్ల మీదుంటే సెకనుకి 7 మీటర్లు. విలుకాడు 40 మీటర్ల దూరంలో ఉంటే బాణానికి 0.8 సెకను పడుతుంది. ఆలోపు కిటికీ దగ్గరున్న దొంగ ఐదున్నర మీటర్లు, అంటే మూడు బారలు ముందుకి వెళ్ళిపోయి ఉంటాడు. అదే పది మీటర్ల నుంచి వేస్తే జరిగేది మీటరున్నర లోపే. విల్లు బదులు సెకనుకి 700 మీటర్లు పోయే తుపాకీ గుండు అయితే, 40 మీటర్ల నుంచి కూడా మూరెడు తేడా రాదు. కాబట్టి వేగానికి ఒకే కోత పెట్టి అన్ని ఆయుధాలకీ అంటగట్టడం తప్పు.

తర్వాత దిశ

రైలు అడ్డంగా పోతుంటేనే పై లెక్క పూర్తిగా వర్తిస్తుంది. నేరుగా మీదికి వస్తున్నా, నేరుగా దూరంగా పోతున్నా కోత వద్దు. ఏటవాలుగా పోతుంటే జరుగుబాటు సగం వేసుకోండి. ఇద్దరూ అదే రైలు పైకప్పు మీదుంటే ఒకరికొకరు ఆగి ఉన్నట్టే. పెట్టె కుదుపుకి కావాలంటే వేరే కోత పెట్టుకోవచ్చు.

ఇప్పుడు పాచిక

మేం వాడేది ఇది. జరుగుబాటు మీటరు లోపుంటే ఏమీ లేదు. ఒకటి నుంచి మూడు మీటర్లయితే పాచికలో 2 తగ్గించాలి. మూడు దాటితే డిసడ్వాంటేజ్, రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి.

డిసడ్వాంటేజ్ అందరికీ ఒకేలా తగలదు, ఇది ఆట నడిపే గేమ్ మాస్టర్లు గట్టిగా గుర్తుంచుకోవాలి. 20 ముఖాల పాచికలో ఒక్కో అంకె 5 శాతం. 11 పడితే చాలనుకున్న చోట 50 శాతం అవకాశం 25కి పడిపోతుంది, అంటే 5 తగ్గించినట్టే. 16 పడాల్సిన చోట 25 శాతం కాస్తా 6 దగ్గరికి దిగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. చిన్న విల్లుకి 80 అడుగులు దాటితే దూరం వల్లే డిసడ్వాంటేజ్ వస్తుంది, రెండు డిసడ్వాంటేజ్‌లు కలవవు. అంటే దూరంగా ఉన్న రైలుకి వేగం ఉచితమైపోతుంది. అలాంటి చోట వేగానికి 2 తగ్గించి, డిసడ్వాంటేజ్ దూరానికే వదిలేయండి.

గర్ప్స్ అనే ఇంకో టేబుల్‌టాప్ ఆట ఆడేవాళ్ళకి సొంత రూలు అక్కర్లేదు. దూరాన్ని గజాల్లో, వేగాన్ని సెకనుకి గజాల్లో తీసుకుని రెండూ కూడి, ఒకే పట్టికలో చూస్తారు. పది గజాల దూరానికి కోత 4. రైలు వేగం 8 గజాలు కలిపితే 18, అది 20 వరుసలో పడుతుంది కాబట్టి 6. అదే 44 గజాల దూరానికి 8, వేగం కలిపినా 9 మాత్రమే. దగ్గర్లో వేగం ఎక్కువ బాధిస్తుందని ఈ పట్టిక చెబుతోంది. పక్కనుంచి దూసుకుపోయే దాని మీదికి చెయ్యి అంత త్వరగా తిప్పాలి మరి. నా మాటైతే విల్లుకి జరుగుబాటు లెక్క, తుపాకీకి గర్ప్స్ లెక్క సరిపోతాయి. కాల్ ఆఫ్ క్తుల్హు ఏడో ఎడిషన్‌లో పూర్తి వేగంతో కదిలే గురికి ఒక పెనాల్టీ పాచిక, అంటే గెలిచే అవకాశం తగ్గించే అదనపు పాచిక, ఇస్తారు. వేగంగా తేలిపోతుంది, భయం మీద నడిచే ఆటకి అది చాలు.

ఏ లెక్క ఎంచుకున్నా పాచిక వేయకముందే కోత ఎంతో చెప్పేయండి. వేశాక చెబితే గొడవే. ముందు తెలిస్తే ఆటగాడు ఉపాయం వెతుక్కుంటాడు. మలుపు తిరిగి రైలు ఎదురుగా వచ్చేదాకా రెడీ యాక్షన్‌తో, అంటే దెబ్బని సిద్ధం చేసుకుని అదను కోసం కాచుకుని, ఆగొచ్చు. అప్పుడు కోత ఉండదు గానీ, ఆ రౌండుకి అతని రియాక్షన్, అంటే తన వంతు కానప్పుడు చేసే ఒక్క పని, ఖర్చయిపోతుంది.