ముందు మంచం చూపించండి

ముప్ఫై ఏళ్లకు పైగా విశాఖ పోర్టులో క్రేన్ నడిపాను. సగం ఉద్యోగం నైట్ షిఫ్టుల్లోనే గడిచింది. తువ్వాలు పరుచుకుని సిమెంటు గచ్చు మీదైనా గుర్రుపెట్టి నిద్రపోగలనని నాకో గర్వం ఉండేది. లాసన్స్ బే కాలనీలో ఒక దివాన్ మీద మూడు రాత్రులు పడుకునేసరికి అది కాస్తా దిగిపోయింది.

నేను రిటైరైన ఏడాదే మా పాత ఇంజనీరుగారు కూతురి పురుడికి అమెరికా వెళ్తూ, "ఏవయ్యా, ఆరు నెలలు మా ఇంట్లో ఉండి కుక్కని చూసుకుంటావా?" అన్నారు. సరే సార్ అన్నాను. ఎక్కడ పడుకోవాలో అడగలేదు. ఆయన ముందు కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడేవాణ్ణి, మంచం చూపించమని ఏ నోటితో అడుగుతాను? వాళ్లు విమానం ఎక్కిన రాత్రి చూద్దును కదా, బెడ్రూములు రెండింటికీ తాళాలు. హాల్లో దివాన్. అది ఆరడుగులు, నేను ఐదడుగుల పదకొండంగుళాలు. తలగడ పెట్టుకుంటే పాదాలు బయటికి. వాటిని వాళ్ల లాబ్రడార్ రాత్రంతా నాకుతూ కూర్చుంది. నాకడం ఆపితే వెళ్లి తాళం వేసిన గది తలుపు గీకేది. పాపం, పిల్లగా వచ్చినప్పటి నుంచీ అది పడుకున్నది ఆ గదిలోనే. రెండో రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైను బెడ్రూములకి, వంటింటికి ఉంది, హాలు ఫ్యాన్‌కి లేదు.

ఇందులో ఏ ఒక్కటీ వాళ్లు కావాలని చేసింది కాదు. నేను అడగలేదు, వాళ్లకి తట్టలేదు, అంతే. తర్వాత చాలా ఇళ్లు చూసుకున్నాను. కుక్కలు, పిల్లులు, ఒకచోట చేపల తొట్టి కూడా. ఎవరు పిలిచినా డబ్బు సంగతి కంటే ముందు మంచం చూపించమంటాను. రెండేళ్ల తర్వాత ఇంజనీరుగారు మళ్లీ పిలిస్తే ఆయనతోనూ అదే అన్నాను. ఒక్క క్షణం నా వంక చూసి తాళాల గుత్తి తీశారు.

మీరూ ఇలా ఎవరి ఇల్లయినా చూసుకోవడానికి ఒప్పుకుంటే, మంచం చూడ్డానికి పగలు వెళ్లకండి. చీకటి పడ్డాక వెళ్తే దోమలు ఎన్నో, వీధి చప్పుడు ఎంతో, రాత్రయ్యేసరికి కుక్క ఏ మూలకి చేరుతుందో అన్నీ తెలుస్తాయి. చెప్పులు విప్పి ఆ మంచం మీద పది నిమిషాలు నిజంగా పడుకోండి. ఇంటివాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. వెల్లకిలా పడుకుని నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి అటు నుంచి ఇటు సులువుగా దూరిపోతే పరుపు మీకు మరీ గట్టిది. అసలు దూరక, ఒత్తిగిలడానికి కూడా మంచం కోడు పట్టుకోవాల్సి వస్తే మరీ మెత్తది. లేచాక మెయిన్ ఆపి చూపించమనండి, ఏ ఫ్యాన్ తిరుగుతుందో, ఏ ప్లగ్గులో ఫోన్ చార్జ్ అవుతుందో తేలిపోతుంది. కుక్క మంచం ఎక్కుతుందా, ఎక్కనిస్తారా అని రెండు ప్రశ్నలుగా అడగండి. ఆయన "ఎక్కదండీ" అంటుంటే వెనక నుంచి ఆవిడ "రోజూ ఎక్కుతుంది" అనడం నేను ఒకటికి మూడిళ్లలో విన్నాను.

పరుపు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన ఊళ్లో గెస్ట్ రూము పరుపు సాధారణంగా రెండు రకాలు. ఒకటి, కొన్ననాటి ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యనిది. ఒత్తిగిలినప్పుడల్లా కరకరమంటుంది, వైజాగ్ ఉక్కపోతకి వీపు కింద చెమట మడుగు కడుతుంది. కవరు మనంతట మనం చించకూడదు. అడిగితే చాలామంది తీసెయ్యమనే అంటారు. వద్దంటే దాని మీద బొంత వేసుకోవాలి. పాత నూలు చీరలు నాలుగు కలిపి కుట్టిన బొంత చెమట పీల్చినట్టు ఇంకేదీ పీల్చదు. మా ఆవిడ కుట్టింది ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉంటుంది. దాంతోపాటు నా తలగడ గలీబు, మడత దోమతెర, చిన్న టార్చి.

రెండో రకం, వాళ్ల గదికి కొత్తది కొనుక్కున్నాక ఇటు నెట్టేసిన పాత పరుపు. నడిమధ్య గుంట ఉంటుంది. తల వైపుది కాళ్ల వైపుకి తిప్పితే గుంట కాస్త జరుగుతుంది. మంచం చెక్కలు వంగడం వల్ల పడిన గుంటైతే పరుపు కింద ప్లైవుడ్ ముక్క పెడితే చాలు. రెండింటికీ లొంగకపోతే పరుపుని నేల మీదికి దింపేస్తాను. వానాకాలం మాత్రం గచ్చు చెమ్మ లాగుతుంది, కింద చాప ఉండాలి, పొద్దున్నే పరుపు ఎత్తి గోడకి నిలబెట్టాలి.

నెలల తరబడి తలుపు తియ్యని గదుల్లో, అదీ సముద్రం దగ్గర, పక్క వెయ్యగానే తుమ్ములొస్తాయి. చెమ్మ ఉన్నచోట కంటికి కనపడని దుమ్ము పురుగులు పెరుగుతాయి, వైజాగ్‌లో చెమ్మకి కొదవేముంది? దూది పరుపైతే పది గంటలకి డాబా మీద వేసి, మధ్యలో ఒకసారి తిప్పి, కర్రతో దులిపి, మూడింటికల్లా దింపెయ్యాలి. ఇంకాస్త ఆలస్యమైతే సాయంత్రపు చెమ్మ మళ్లీ పీల్చుకుంటుంది. ఫోమ్ పరుపుని ఎండలో పడెయ్యకండి, పసుపుపచ్చబడి పెళుసెక్కుతుంది. ఫ్యాన్ కింద నిలబెడితే చాలు. బెడ్‌షీట్లు 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికితే ఆ పురుగులు చస్తాయి. వాషింగ్ మెషీన్‌కి ఆ సెట్టింగు ఉంటే వాడుకోండి.

సముద్రం వైపు కిటికీ ఉన్న గది ఇచ్చారని మురిసిపోకండి. పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. రాత్రి నేల ముందు చల్లబడుతుంది కాబట్టి గాలి నేల వైపు నుంచి సముద్రం మీదికి మళ్లుతుంది. ఋషికొండ దగ్గర ఒక ఫ్లాట్లో నవంబరు రాత్రి సముద్రం కిటికీ బార్లా తీసుకుని గాలి ఆడక కొట్టుకున్నాను. కొండవైపున్న వంటింటి కిటికీ తీశాకగానీ గదిలో గాలి కదల్లేదు. ఇంట్లో పిల్లి ఉంటే మాత్రం జాలీ లేని కిటికీ తియ్యొద్దు. పిల్లి ఎక్కడి నుంచి దూకినా దానికేం కాదన్నమాట నమ్మకండి.

అదే ఫ్లాట్లో ఇంకో తంటా. ఫ్యాన్ గాలి తగలాలంటే ఉత్తరం వైపు తల పెట్టాలి. మా ఆవిడకి ఫోన్ చేస్తే ససేమిరా అంది. దక్షిణం వైపు పెడితే కాళ్లు పూజగది వైపు. చివరికి మంచాన్ని మూలగా తిప్పుకున్నాను. ఇలాంటివి మనకి పట్టింపు లేకపోయినా ఇంటివాళ్లకి ఉండొచ్చు, అడిగి తిప్పండి. తిప్పే ముందు గదిని ఫోన్లో ఫొటో తీసుకోండి.

ఇక జంతువులు. కుక్క విషయంలో ఇంటివాళ్ల నియమమే మన నియమం. మంచం ఎక్కనివ్వని ఇంట్లో జాలిపడి ఒక్క రాత్రి ఎక్కనిస్తే, వాళ్లు తిరిగొచ్చాక దెబ్బలు తినేది అదే. ఎక్కే అలవాటున్నదైతే కాళ్ల వైపు దానికో పాత దుప్పటి వేరే పరవండి. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38, 39 డిగ్రీలు ఉంటుంది, ఎండాకాలం పక్కన కుంపటి పెట్టుకున్నట్టే. పక్క ఎక్కించే ముందు చెవుల మడతల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. యజమాని లేడని బెంగపడే కుక్కకి ఆయన విప్పిన చొక్కా ఒకటి, ఉతక్కుండా, దాని పరుపు మీద వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. నేను ఇల్లు అప్పగించుకునేటప్పుడే అడిగి తీసుకుంటాను. మొదటి మూడు నాలుగు రాత్రులు కుక్కకి నేను, నాకు కుక్క కనపడేలా పడక వేసుకుంటాను. పగ్గుల్లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి ఉక్కపోత అస్సలు పడదు, ఏసీ గదిలో ఉంచాల్సిందే. వాటి గురక మాత్రం మీరు భరించాల్సిందే.

ముసలి కుక్క ఉన్న ఇంట్లో గది ఎంత బాగున్నా వదిలేసి గుమ్మం దగ్గర పడుకోండి. సీతమ్మధారలో ఒక పమేరియన్, పద్నాలుగేళ్లది, రాత్రి రెండింటికి ఒకసారి బయటికి వెళ్లాలి. టైల్స్ మీద దాని కాళ్లు జారిపోయేవి. పడక నుంచి గుమ్మం దాకా డోర్‌మ్యాట్లు వరసగా పరిచాను, జీరో బల్బు వేసి ఉంచాను. నా నిద్రనే దాని టైముకి మార్చుకున్నాను, తొమ్మిదికే పడుకునేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో షిఫ్టు డ్యూటీలు పనికొచ్చాయి.

పిల్లి సంగతి వేరు. సాయంత్రం, తెల్లారుజామున దానికి హుషారు. నాలుగింటికి మన ఛాతీ మీదెక్కి అరుస్తుంది. రాత్రి పడుకోబోయే ముందు తాడుతో బాగా ఆడించి, ఆ తర్వాత తిండి పెట్టండి. తెల్లారుజామున అరిస్తే లేవకండి. ఎంవీపీ కాలనీలో నేను మూడో రోజు లేచి గిన్నెలో తిండి వేశాను. మిగతా మూడు వారాలూ నాలుగింటికి నా డ్యూటీ అదే అయింది.

దోమలకి ఎవరింట్లోనైనా నేను దోమతెరే కట్టుకుంటాను. కాయిల్స్‌లో, ప్లగ్గు మందుల్లో ఎక్కువగా వాడే రకం రసాయనాలు చేపలకి విషం, పిల్లులకీ పడవు. కుక్కల గోమార్లకి మెడ వెనక చుక్కలుగా వేసే కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. కుక్కా పిల్లీ ఒకే పక్క మీద పడుకునే ఇంట్లో ఆ మందు వేస్తే పిల్లి ప్రాణం మీదికి వస్తుంది. దుప్పట్ల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా అంతే. బీరువాలోంచి తీసిన దుప్పటి దులిపినప్పుడు ఒకటి దొర్లి మంచం కిందికి పోయిందంటే, టార్చి వేసి వెతికి తీసేదాకా కుక్కనీ పిల్లినీ గదిలోకి రానివ్వకండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఇల్లు ఒప్పుకుంటే తుఫాను రాత్రికి పడక ఎక్కడో ముందే అనుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీ అద్దం పగిలి సరిగ్గా నా తలగడ మీద పడింది. అదృష్టం కొద్దీ ఆ పూట నేను వంటింట్లో ఉన్నాను. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కిటికీ లేని నడవా, లేదా లోపలి గది, అక్కడ చాప, బొంత, కుక్క గొలుసు, నీళ్ల బాటిల్. దీపావళి రాత్రికి కూడా అదే చోటు. కుక్క మంచం కిందికి దూరితే బయటికి లాగకండి, మీరూ కింద చాప వేసుకుని పడుకోండి.

వెళ్లిపోయే ముందు రోజు బెడ్‌షీట్లు, గలీబులు ఉతికి ఆరేస్తాను. ఫొటో చూసుకుని మంచం మళ్లీ పాత చోటికి జరుపుతాను. పరుపు మీద మరక పడితే దాచను, చెప్పేస్తాను. నా బొంత, లుంగీ మాత్రం మా ఆవిడ గుమ్మం దాటనివ్వదు. పిట్టగోడ మీద వేసి దులిపిస్తుంది. లాబ్రడార్ ఇంటి నుంచి వచ్చినప్పుడైతే రెండుసార్లు.