పాట, మాట, వస్తువు: కాకతాళీయాలను పట్టుకునే పద్ధతి

రేడియో పాటలో ‘తలుపు’ అన్న మాట వినబడిన క్షణానే ఎవరో తలుపు తట్టారనుకోండి. ఒళ్లు ఝల్లుమంటుంది. వారం తిరిగేసరికి ఆ సంఘటన మరింత చక్కగా తయారవుతుంది: పాటకీ తలుపు చప్పుడుకీ మధ్య ఉన్న ఐదు నిమిషాల ఎడం మాయమవుతుంది, పాటలో వచ్చింది ‘వాకిలి’ అన్న సంగతీ మరుగున పడుతుంది. ఎవరూ అబద్ధం చెప్పరు, జ్ఞాపకమే కథను సర్దేస్తుంది. అందుకే అర్థవంతమైన కాకతాళీయాలను వెతకాలనుకునేవారికి మొదట అబ్బాల్సింది రాసుకునే అలవాటు. కాకి వాలడం ఒక చోట, పండు రాలడం ఇంకో చోట, దేనికది నమోదై ఉంటేనే ఆ రెంటి గురించి మాట్లాడటానికి ఏమైనా మిగులుతుంది.

పుస్తకం గీసుకోవడం

జేబులో పట్టే నోటుపుస్తకం చాలు. ఎడమ పేజీలో ఐదు గళ్లు గీయండి: సమయం, రకం (పాట, మాట, వస్తువు), సరిగ్గా ఏమిటి, దాన్ని నా ముందుకు తెచ్చిందెవరు, అప్పుడు నా మనసులో ఉన్నది. కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. అర్థం గురించి తోచింది రాయడానికి ఆ పేజీ. కనీసం 24 గంటలు గడిచేదాకా దాని మీద కలం పెట్టకూడదు.

ఈ ఐదింటిలో ఎక్కువమంది ఎగ్గొట్టేది నాలుగో గడి. నిజానికి అన్నిటికంటే పనికొచ్చేది అదే. పాటల యాప్ మీరు నిన్న విన్నవాటిని బట్టే ఇవాళ పాట ఎంచి పెడుతుంది. నిన్న వానపాటలు విన్నారు, ఇవాళ వానపాట వచ్చింది, అదే సమయానికి కిటికీ అవతల వాన. ఇందులో పాట రావడానికి కారణం మీరే, అవతల వానాకాలం ఎలాగూ నడుస్తోంది. షఫుల్ నొక్కినా పూర్తి యాదృచ్ఛికం అనుకోవద్దు. షఫుల్‌లో ఒకే గాయకుడి పాటలు వరసగా వస్తున్నాయని వినేవాళ్లు ఫిర్యాదు చేస్తే, స్పాటిఫై ఇంజనీర్లు అలాంటి పాటలు ఎడంగా పడేలా పద్ధతి మార్చిన సంగతిని 2014లో వాళ్లే వివరించారు. కాబట్టి పాట ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి: రేడియో, యాప్ సూచన, సొంత జాబితా, దారిన పోయే బండి, పక్కింటి టీవీ. మీ ఇష్టాలతో ఏ సంబంధమూ లేని చోటు నుంచి వచ్చిన పాటకు విలువ ఎక్కువ.

అలారం పద్ధతి

తోచినప్పుడల్లా రాస్తే జతలు కుదిరినవే పుస్తకంలోకి ఎక్కుతాయి, కుదరనివి ఎక్కవు. దీన్ని తప్పించాలంటే ఏ క్షణం రాయాలన్న నిర్ణయం మీ చేతిలో ఉండకూడదు. మెలకువగా ఉండే గంటల్లో 8 అలారాలు పెట్టుకోండి, ఒక క్రమం లేకుండా: 7:50, 9:25, 10:40, ఇలా. ప్రతి అలారానికీ 5 అంశాలు రాయండి: పాటల నుంచి రెండు, కంటికి కనబడే అచ్చుమాటల నుంచి రెండు, వస్తువు ఒకటి.

ఏది రాయాలన్నది కూడా ముందే బిగించుకోవాలి. కనీసం 200 పాటలున్న జాబితాను షఫుల్‌లో పెట్టండి. వచ్చిన మొదటి పాటను 1 నిమిషం దగ్గర నుంచి విని, అక్కడ దొరికిన మొదటి పూర్తి పాదంలోని మొదటి నామవాచకం రాయండి. రెండో పాటకూ అంతే. ఆ చోట వాద్యాలే మోగుతుంటే మాటలు మొదలయ్యేదాకా ఆగండి. అచ్చుమాటకు, మీకు అతి దగ్గరలో ఉన్న రాతలోని మొదటి రెండు నామవాచకాలు: డబ్బా మీద రాసిందైనా సరే, గోడ మీదిదైనా సరే. వస్తువుకు, కూర్చున్నచోటి నుంచి ఎడమ చేతికి ముందుగా తగిలేది. ఈ నియమాలు మీకు నచ్చకపోతే వేరేవి పెట్టుకోండి, కాని రెండు వారాలు పూర్తయ్యేదాకా మార్చవద్దు. రోజుకు 40 అంశాలు వస్తాయి.

ఇప్పుడు చీటీలు. 24 నామవాచకాలు ఒక్కో చీటీ మీద రాసి మడిచి డబ్బాలో వేయండి. మనసు, ప్రేమ, కల, వెన్నెల, గుండె లాంటివి వద్దు. పాటల్లో అవి పాదం విడిచి పాదం తగులుతాయి, వాటితో కుదిరిన జతకు ఏ విలువా ఉండదు. దిక్సూచి, గడియారపు ముల్లు లాంటివి నెలకొకసారైనా తగలవు. మధ్యస్థంగా ఉండేవి కావాలి: అద్దం, గొడుగు, వంతెన, నిచ్చెన, దారం, దీపం, తాళంచెవి, పడవ. పొద్దున్నే మూడు చీటీలు తీసి చదవండి. ఇవి ఆ రోజు ఎంచుకున్న మాటలు. తరవాత ఇంకో మూడు తీసి, చదవకుండానే కవరులో పెట్టి అంటించండి. రాత్రి 40 అంశాలూ రాసి ముగించాకే కవరు విప్పి, రెండు గుంపులనూ ఆ జాబితాతో పోల్చండి. పోల్చడం అయ్యాక ఆరు చీటీలనూ మడిచి మళ్లీ డబ్బాలో వేసి కలిపేయండి.

ఈ కవరే పద్ధతికి ప్రాణం. రెండు వారాల మొత్తంలో ఎంచుకున్న మాటలకూ కవరు మాటలకూ జతలు ఇంచుమించు సమానంగా వస్తే, మీ నమోదు నిజాయితీగా సాగుతోందని అర్థం. ఎంచుకున్న మాటలకే బాగా ఎక్కువ వస్తుంటే నియమం ఎక్కడో వంగుతోంది. ఎక్కువసార్లు అది వస్తువు దగ్గరే జరుగుతుంది: ‘అద్దం’ చీటీ వచ్చిన రోజున అద్దానికి ఎడమ చేయి ఆనేలా కూర్చుంటాం, మనకే తెలియదు. అప్పుడు అలారం మోగిన చోటే కదలకుండా రాయాలన్న నియమం చేర్చండి. ఒక మాటను గమనించడం మొదలుపెట్టాక అది ఎక్కడ చూసినా కనబడటానికి భాషావేత్త ఆర్నాల్డ్ జ్విక్కీ 2005లో ‘ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్’ అని పేరు పెట్టారు. లోకంలో ఆ మాట పెరగదు, దాన్ని పట్టుకునే మన చూపు పెరుగుతుంది. మీ చూపుతో సంబంధం లేకుండా కుదిరింది గనుక కవరు మాటకు పడిన జత దగ్గర కాసేపు ఆగి ఆలోచించడం న్యాయం.

జత అని దేన్ని ఒప్పుకోవాలి

మార్కులు ముందే రాసి పెట్టుకోండి. అదే మాట అదే అర్థంలో వస్తే 3. విభక్తి చేరినా ఫర్వాలేదు, గొడుగు, గొడుగులో ఒకటే. అదే వస్తువు వేరే పేరుతో వచ్చినా (దీపం, దివ్వె), వస్తువే ఎదురైనా 2. ధ్వని ఒకటై అర్థం వేరైతే 1: తాగే పాలు, వంతుకొచ్చే పాలు. ఒక మాట ఇంకో మాటలో దాగి ఉన్నా 1, కాని మూడక్షరాలకు తగ్గకూడదు. పలకరింపులో పలకను ఒప్పుకోవచ్చు, వానరంలో వానను ఒప్పుకోకూడదు. రెండక్షరాల మాటలు తెలుగులో ఎక్కడపడితే అక్కడ దాక్కుంటాయి, వాటిని లెక్కలోకి తీసుకుంటే పుస్తకం ఒక్క రోజులో నిండిపోతుంది.

గొడుగుకీ వానకీ, తాళంచెవికీ తలుపుకీ ఉన్నలాంటి సంబంధానికి సున్నా. చాలామంది ఒప్పుకోలేనిది ఇదే, ఎందుకంటే అందమైన జతలన్నీ ఇక్కడే దొరుకుతాయి. అయినా సున్నాయే. కారణం ఒక లెక్కలో చూడండి. గదిలో 23 మంది ఉంటే, ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి మించుతుంది. ఒక రోజు అటూ ఇటూ అయినా సరే అంటే 14 మందితోనే అవకాశం సగం దాటుతుంది. వారం అటూ ఇటూ అయినా సరే అంటే ఏడుగురు చాలు. ‘దగ్గరగా ఉంది’ అని ఒప్పుకున్న కొద్దీ జతలు ఇలాగే పుట్టుకొస్తాయి.

చీటీలు పక్కనపెట్టి 40 అంశాలనే ఒకదానితో ఒకటి పోలిస్తే ఎన్ని జంటలు అవుతాయి? 40ని 39తో గుణించి సగం చేయండి: 780. ఏ జంటైనా కుదిరే అవకాశం వందలో ఒకటే అనుకున్నా, రోజుకు ఏడెనిమిది జతలు ఏ విశేషమూ లేకుండానే పడతాయి. మొదటి రోజు ఎనిమిది జతలు చూసి ఉప్పొంగిపోయేవారు ఈ గుణకారం ఒకసారి చేసుకోవాలి. నిజంగా లెక్కించదగ్గది, మీ సొంత పుస్తకంలో మామూలుగా పడేదానికంటే స్పష్టంగా పైకి లేచిన రోజు. మొదటి రెండు వారాల పని ఆ ‘మామూలు’ ఎంతో తెలుసుకోవడమే.

లోపల మోగే పాట

దీన్ని విడిగా చెప్పుకోవాలి. బయట ఏ పాటా మోగకుండానే తలలో ఒక పల్లవి తిరుగుతుంటుంది, తల ఎత్తితే ఆ పల్లవిలోని వస్తువే ఎదురుగా. ఇది చాలా బలంగా తాకుతుంది, సాధారణంగా కాకతాళీయం మాత్రం అయి ఉండదు. కన్ను ఆ వస్తువును ముందే చూసేసి ఉంటుంది, మనం చూశామని గుర్తించేలోపే పాట మొదలవుతుంది. లోపలి పాట పట్టుబడగానే చేతిలో పని ఆపి, గడిచిన పది నిమిషాలను వెనక్కి నడవండి: ఏ గదిలో ఉన్నాను, ఏం చదివాను, ఎవరు ఏ మాట అన్నారు, నా అడుగుల లయ ఎలా ఉంది. పాటను లేపిన మాట తరచుగా అక్కడే దొరుకుతుంది. దొరికితే ‘కారణం ఉంది’ అని రాసి జతను కొట్టేయండి. దొరకకపోతే ప్రశ్నార్థకం పెట్టి ఉంచండి, 3 మార్కులు మాత్రం వేయవద్దు. ఇలా వెనక్కి నడవడం అలవాటైతే, ఏ వస్తువు మీలో ఏ పాటను లేపుతుందో తెలిసొస్తుంది. నా మటుకు నాకు ఈ సాధన మొత్తంలో అతి విలువైన రాబడి అదే అనిపిస్తుంది.

తప్పుగా విన్న సాహిత్యం ఇంకో సమస్య. 1954లో అమెరికన్ రచయిత్రి సిల్వియా రైట్ పుణ్యమా అని ఇంగ్లీషులో దీనికి ‘మాండెగ్రీన్’ అన్న పేరే స్థిరపడింది. విన్నది విన్నట్టు రాయండి, రాత్రి అసలు సాహిత్యం చూసి పక్కన సరిచేయండి. జత తప్పుగా విన్న మాటతోనే కుదిరితే మార్కులు లేవు. కాని ఆ మాటను చెరిపేయకండి. చెవి ఆ పొరపాటే ఎందుకు చేసిందన్నది కుడి పేజీకి మంచి ప్రశ్న.

జల్లెడ పట్టడం

2 మార్కులు, ఆపైన వచ్చిన ప్రతి జతనూ నాలుగు ప్రశ్నలతో వడకట్టండి. గణాంకవేత్తలు పెర్సీ డయాకోనిస్, ఫ్రెడరిక్ మాస్టెలర్ 1989లో కాకతాళీయాలకు చెప్పిన కారణాలు స్థూలంగా ఇవే. రెంటికీ తెర వెనక ఒకే కారణం ఉందా (పండగ, వాతావరణం, వార్త, ప్రకటన)? జ్ఞాపకమో చూపో దీన్ని పెద్దది చేసిందా? దగ్గరగా ఉన్నదాన్ని కుదిరినట్టు లెక్కించానా? ఇన్ని అంశాల్లో ఇలాంటిది ఎలాగూ ఒకటి పడేదేనా? చివరి ప్రశ్నకు బ్రిటిష్ గణితవేత్త లిటిల్‌వుడ్ పేరు మీద ప్రచారంలో ఉన్న లెక్క సాయపడుతుంది. రోజుకు 8 గంటలు, సెకనుకు ఒక సంఘటన చొప్పున గమనిస్తే 35 రోజుల్లో పది లక్షలు దాటుతాయి. పది లక్షల్లో ఒకటిగా జరిగేది అలా నెలకోసారి జరగవలసిందే.

కుడి పేజీ

వడపోతలో నిలిచిన జతను మర్నాడు తీయండి. ముందు ఎడమ పేజీలోని ఐదో గడి చదవండి. అప్పుడు మనసులో ఏముందో ముందే రాసి ఉంది గనుక ఇప్పుడు కొత్తగా కల్పించలేరు. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1952లో వివరించిన సమకాలికతకు (సింక్రొనిసిటీ) మూలం కూడా ఇదే: లోపలి స్థితీ బయటి సంఘటనా, ఒకదానికొకటి కారణం కాకుండా, అర్థంలో కలవడం. ఆయన వద్దకు వచ్చిన ఒకామె బంగారు పేడపురుగు నగను కలలో చూశానని చెబుతుండగా, అలాంటి పురుగే కిటికీకి తగిలింది. యూంగ్ దాన్ని పట్టి ఆమె చేతికిచ్చారు. ఆ పురుగు ఆమెకు ఏ రహస్యమూ చెప్పలేదు. అంతవరకూ ఎవరి మాటా చెవిన పెట్టని ఆమె బిగువు సడలింది, యూంగ్ లెక్కలో చికిత్సకు కావలసింది అదే.

కుడి పేజీలో ఒకే వాక్యం రాయండి, ‘నేను’తో మొదలుపెట్టి. ‘ఈ పాట నాకు వెళ్లమని చెబుతోంది’ అని వద్దు. ‘నేను వెళ్లడం గురించి ఎవరితోనూ మాట్లాడకుండా వాయిదా వేస్తున్నాను’ అని రాయండి. తరవాత మార్పిడి పరీక్ష: జతలోని వస్తువు స్థానంలో చీటీల డబ్బాలోంచి ఇంకో మాట తీసి పెట్టి, దానితోనూ ఐదు నిమిషాల్లో అంతే బరువైన అర్థం చెప్పగలరేమో చూడండి. చెప్పగలిగితే ఆ అర్థం మీ ప్రశ్నలోంచి వచ్చింది, జతలోంచి రాలేదు. వాక్యాన్ని ఉంచుకోండి, మార్కులు కొట్టేయండి.

మందులు, డబ్బు, ఒక మనిషిని నమ్మాలా వద్దా అన్నవి ఈ పుస్తకాన్ని చూసి తేల్చకూడదు. ఇంకొక సంగతి మరింత గట్టిగా చెప్పాలి. ప్రతి పాటా, ప్రతి బోర్డూ మీ కోసమే పెట్టినట్టు అనిపిస్తున్నా, నిద్ర తగ్గుతున్నా, ఇంట్లోవాళ్లకు చెప్పడానికి భయం వేస్తున్నా, పుస్తకం మూసేసి మానసిక వైద్యుణ్ణి కలవండి. సంబంధం లేని వాటిలో అర్థం కనబడే స్థితికి ఉన్న ‘అపోఫీనియా’ అన్న పేరుకు మూలపదాన్ని 1958లో వాడిన జర్మన్ మనోవైద్యుడు క్లాస్ కాన్రాడ్, స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక వ్యాధి తొలిదశను వర్ణిస్తూనే ఆ మాట వాడారు. ఆ దశలో సాయం ఎంత త్వరగా అందితే అంత మేలు.

రెండు వారాలు పూర్తయ్యాక ఒక వారం విరామం ఇచ్చి, 24 చీటీల్లో సగం మార్చండి. ఒక్కసారీ తగలని మాటలు, రోజూ తగిలిన మాటలు, రెండూ తీసేయండి. అలారాల వేళలు కూడా జరపండి. అవే వేళలైతే అవే గదులు, అవే డబ్బాలు, అదే ఎడమ చేతి కింది బల్ల మళ్లీ మళ్లీ పుస్తకంలోకి వస్తాయి.